ఒకే నేల, నాలుగు పద్దులు: ఉష్ణమండలంలో భూమి వాడకం, మీథేన్ లెక్క

(వ్యవసాయ విద్యార్థులు, రైతులు, విశ్రాంత నీటిపారుదల ఇంజినీర్లు పాల్గొన్న కర్నూలు సభలో చేసిన ప్రసంగం. రానివారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. నాకు అప్పగించిన విషయం ఉష్ణమండల దేశాల్లో భూమి వాడకం మారడం వల్ల వెలువడే మీథేన్. కర్నూలులో కూర్చుని అమెజాన్ అడవుల గురించి, అక్కడి ఆవుల గురించి మాట్లాడుకోవడం దేనికని మీలో కొందరికి అనిపించవచ్చు. అనిపించడం న్యాయమే. బ్రెజిల్‌లోని ఒక హెక్టారు నేలతో మొదలుపెడతాను కాని, ప్రసంగం సగానికి వచ్చేసరికి శ్రీశైలం నీళ్ల దగ్గరికి, అక్కడి నుంచి కె.సి. కాలువ, అంటే కర్నూలు–కడప కాలువ, గట్టు మీదికి వస్తాను. వచ్చాక మళ్లీ అక్కడి నుంచి కదలను.

మీథేన్ మనకు కొత్త వాయువు కాదు. గోబర్‌గ్యాస్ పొయ్యిలో నీలిమంటతో మండేది ఇదే. 1776లో ఇటలీలో వోల్టా అనే శాస్త్రవేత్త సరస్సు ఒడ్డున బురదను కెలికి, పైకి లేచిన బుడగలను సీసాలో పట్టి, అది మండే గాలి అని చూపించాడు. తరువాత బ్యాటరీ తయారుచేసిన వోల్టాయే ఈయన. నీళ్లు నిలిచిన వరి మడిలో కాలు పెట్టినప్పుడు మడమ పక్క నుంచి బుడబుడమని పైకి వస్తాయే, ఆ బుడగల్లో ఉండేది కూడా ప్రధానంగా ఇదే. గాలిలో దీని పాలు పారిశ్రామిక యుగానికి ముందు వంద కోట్ల అణువులకు 720 చుట్టుపక్కల ఉండేది, ఇప్పుడు 1,900 దాటింది. గాలిలో దీని ఆయుష్షు పదేళ్లు, పన్నెండేళ్లే. ఆ కొద్దికాలంలోనే టన్నుకు టన్ను చొప్పున కార్బన్ డయాక్సైడ్ కన్నా చాలా ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. వందేళ్ల మీద లెక్క వేస్తే సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల మీద వేస్తే సుమారు 80 రెట్లు. ఈ రెండు అంకెల్లో ఏది వాడాలన్న తగాదాలో శాస్త్రం పాలు తక్కువ, రాజకీయం పాలు ఎక్కువ. ఈరోజు దాని జోలికి వెళ్లను.

1999 నుంచి 2006 వరకు గాలిలో మీథేన్ పెరుగుదల దాదాపుగా ఆగిపోయింది. శాస్త్రవేత్తలు ఊపిరి పీల్చుకున్నారు. 2007లో మళ్లీ మొదలైంది. 2021లో ఒక్క ఏడాదిలోనే వంద కోట్లకు 17కు పైగా పెరిగింది. క్రమబద్ధమైన కొలతలు మొదలయ్యాక అంత పెరుగుదల ఎన్నడూ లేదు. ఎక్కడి నుంచి వచ్చింది ఇదంతా? చమురు బావుల నుంచా, బొగ్గు గనుల నుంచా? మీథేన్‌లో ఉండే కార్బన్‌లో తేలిక రకం, బరువు రకం అని రెండున్నాయి. సూక్ష్మజీవులు తయారుచేసిన మీథేన్‌లో తేలిక కార్బన్ ఎక్కువగా ఉంటుంది. 2007 తరువాత గాలిలోని మీథేన్ ఏటేటా ఆ తేలిక వైపే జరుగుతోంది. అంటే పెరుగుదలలో పెద్ద భాగం బురదనేలల్లో, పశువుల కడుపుల్లో, చెత్తకుప్పల్లో బతికే సూక్ష్మజీవులదన్న మాట. ఆ జీవులకు వెచ్చదనం కావాలి, తిండి కావాలి, గాలి సోకని చోటు కావాలి. ఈ మూడూ కలిసి ఏడాది పొడుగునా దొరికేది ఉష్ణమండలంలోనే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మిగిలిన ప్రసంగమంతా దీని మీదే నిలబడుతుంది. నేల మీథేన్‌ను పుట్టిస్తుంది, అదే నేల మీథేన్‌ను తింటుంది కూడా. గాలి ఆడని తడి మట్టిలో పుట్టించే జీవులు పనిచేస్తాయి. గాలి ఆడే పొడి మట్టిలో మరో రకం జీవులు గాలిలోని మీథేన్‌ను పట్టి తినేస్తాయి. ప్రపంచంలోని పొడి నేలలన్నీ కలిసి ఏటా సుమారు మూడు కోట్ల టన్నుల మీథేన్‌ను ఇలా తినేస్తున్నాయి. మన నల్లమలలాంటి ఆకురాల్చే పొడి అడవుల నేల ఈ రెండో తెగది. వింధ్య ప్రాంతపు పొడి అడవుల్లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వారు 1990లలో చేసిన కొలతల్లో, మట్టిలో తేమ పెరిగేకొద్దీ, నత్రజని పెరిగేకొద్దీ ఈ తినే శక్తి తగ్గుతుందని తేలింది. తేమ పెరగడం, నత్రజని పెరగడం: అడవిని కొట్టి సేద్యంలోకి తెచ్చినప్పుడు మనం చేసే మొదటి రెండు పనులు ఇవే కదా?

రొండోనియాలో ఒక హెక్టారు

బ్రెజిల్‌కు పడమట, బొలీవియా సరిహద్దున రొండోనియా అనే రాష్ట్రం ఉంది. 1980లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో అక్కడి పెద్ద రహదారికి తారు పడింది. రోడ్డు వెంట భూమి కోసం కుటుంబాలు తరలివచ్చాయి. పెద్ద రోడ్డుకు అటూ ఇటూ చిన్న దారులు, ఆ దారుల వెంట నరికిన కమతాలు. ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే అదంతా చేప ముల్లులా కనిపిస్తుంది. ఆ కమతాల్లోంచి ఒక్క హెక్టారును, అంటే మన లెక్కలో రెండున్నర ఎకరాలకు కాస్త తక్కువను, తీసుకుని దాని చరిత్ర చూద్దాం.

మొదట అక్కడ మెరకమీద అడవి ఉంది. దాని నేల ఏడాదికి కొన్ని కిలోల మీథేన్‌ను గాలిలోంచి తీసుకుంటూ ఉండేది. ఎండకాలం ముందు చెట్లు కొట్టి, ఎండనిచ్చి, నిప్పు పెట్టారు. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల శాస్త్ర సంఘం ఐపీసీసీ దేశాల లెక్కల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లోని సగటు అంకెలు తీసుకుంటే, ఇలా నరికి కాల్చినప్పుడు హెక్టారుకు ఎనభై టన్నుల పైచిలుకు ఎండు పదార్థం మండుతుంది. మండిన ప్రతి కిలోకూ 6.8 గ్రాముల మీథేన్ వస్తుంది. విద్యార్థులు గుణించి చూడండి. ఒక్క మంటలో 550 కిలోలు వస్తుంది. తరువాత గడ్డి విత్తనం చల్లారు. పశువుల గిట్టల కింద మట్టి బిగిసిపోయింది, వాన నీరు ఇంకడం మందగించింది. కొన్ని కిలోలు తినే నేల కొన్ని కిలోలు వదిలే నేలగా మారింది. రొండోనియాలో పాత అడవిని, వివిధ వయసుల పచ్చికబయళ్లను పక్కపక్కన పెట్టి చేసిన కొలతల్లో ఈ తిరుగుడు స్పష్టంగా కనిపించింది. ఇక పశువు ఉంది. లాటిన్ అమెరికా మాంసపు పశువుకు అవే మార్గదర్శకాలు కట్టిన అంకె ఏడాదికి 56 కిలోలు. అక్కడ హెక్టారుకు దాదాపు ఒక పశువు మేస్తుంది.

ఇప్పుడు చెప్పండి, ఈ హెక్టారు మీద ఎక్కువ మీథేన్ ఎవరిది? మంటదా, మట్టిదా, ఆవుదా? మట్టి పాలు అటూ ఇటూ కలిపినా ఏడాదికి పది కిలోల చుట్టుపక్కలే. మంట ఒక్కసారే 550. ఆవు పదేళ్లలో 560. అంటే పదో ఏట ఆవు మంటను అందుకుంటుంది, పదకొండో ఏట దాటుతుంది, ఆ తరువాత ఆగదు.

ఈ మూడింటినీ దేశం లెక్కల్లో ఎక్కడ రాస్తారో చూడండి. మంట భూ వినియోగం, అడవుల పద్దులోకి పోతుంది. ఆవు వ్యవసాయం పద్దులోకి పోతుంది. పక్కనే విద్యుత్తు కోసం లోయను ముంచితే అది ముంపు నేలల పద్దు. దానికి పూర్తిస్థాయి లెక్క పద్ధతిని ఐపీసీసీ 2019 సవరణలో కాని ఇవ్వలేదు, అంతకుముందు 2006 మార్గదర్శకాల్లో అది అనుబంధంలో ఉండేది. మట్టి తినే శక్తి పోయిన సంగతి ఏ పద్దులోనూ ఉండదు. ఒకే నేల, ఒకే నిర్ణయం, నాలుగు పద్దులు, అందులో ఒకటి అసలే లేని పద్దు. ఎవరి పద్దు వాళ్లు చూసుకుంటే ప్రతి పద్దూ సక్రమంగానే ఉంటుంది. నేల మాత్రం ఏ కాగితం మీదా కనిపించదు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మీథేన్ లెక్క జంతువు పేరు మీద, పంట పేరు మీద కాక, నేల పేరు మీద, ఆ నేల ఎన్నాళ్లు నీటి కింద గాలి ఆడకుండా ఉందన్నదాని మీద రాయాలి.

ఇది మాటవరుసకు అంటున్నది కాదు. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ ఏటా అమెజాన్‌లో నరికిన అడవిని ఉపగ్రహాలతో కొలుస్తుంది. 2004లో 27,772 చదరపు కిలోమీటర్లు పోయింది. మన ఉమ్మడి కర్నూలు జిల్లా మొత్తం 17,658 చదరపు కిలోమీటర్లు. ఒకటిన్నర జిల్లాలు ఒక్క ఏడాదిలో పోయాయన్న మాట. గట్టి చర్యలు తీసుకున్నారు, 2012 నాటికి అది 4,571కి దిగింది. ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోదగిన పనే. మరి ఆ ఎనిమిదేళ్లలో బ్రెజిల్ పశువుల సంఖ్య తగ్గిందా? తగ్గలేదు, ఇరవై కోట్లు దాటి ఇంకా పెరిగింది. 2021లో నరుకుడు మళ్లీ 13,000 చదరపు కిలోమీటర్లకు ఎగబాకింది, 2024లో 6,288కి తగ్గింది; పశువులు మాత్రం ఈలోగా 23 కోట్లు దాటాయి. గొడ్డలి ఆగిన రోజున మంట పద్దు తగ్గుతుంది, ఆవు పద్దు తగ్గదు. నిన్న నరికిన అడవి మీద ఈరోజూ రేపూ ఆవు మేస్తూనే ఉంటుంది. బ్రెజిల్ మీథేన్‌లో దాదాపు ముప్పావు వంతు వ్యవసాయ, పశుపోషణ రంగానిదని చదివి, తప్పంతా ఆవుదే అనుకునేవారు ఆ ఆవు కాళ్ల కింద ఏముండేదో అడగరు.

ఇండోనేషియాలో ఇంకో రకం కథ నడిచింది, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1990ల మధ్యలో సుహార్తో ప్రభుత్వం మధ్య కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ నేలను, అంటే వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని ఆకులూ కొమ్మలూ పేరుకుని తయారైన చిత్తడి నేలను, వరి పొలాలు చేస్తామని కాలువలు తవ్వి నీరు తోడేసింది. వరి పండలేదు. 1997లో ఎండిన పీట్ నెలల తరబడి రగిలింది. పీట్ రగిలినప్పుడు కిలోకు వెలువడే మీథేన్ మామూలు అడవి మండినప్పటికన్నా మూడు రెట్లు ఎక్కువ. విచిత్రమేమంటే, నీరు తీసేసిన పీట్ ఉపరితలం నుంచి మీథేన్ తగ్గుతుంది. అదే సమయంలో తవ్విన కాలువల్లోంచి మీథేన్ పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ అయితే కట్టలు తెంచుకుంటుంది. మీథేన్ ఒక్కదాన్నే చూస్తే మేలు జరిగినట్టు భ్రమ పడే చోటు కూడా ఉంటుందని చెప్పడానికి దీన్ని తెచ్చాను.

ముంపు నేల

ఇక ఆనకట్టలు. ఇంజినీర్లు కాస్త సర్దుకుని కూర్చుంటున్నారు, భయపడకండి. అమెజాన్‌లో బల్బీనా అనే ఆనకట్ట ఉంది. 1980ల చివర్లో నింపారు. ముంపు సుమారు 2,360 చదరపు కిలోమీటర్లు, విద్యుత్ సామర్థ్యం 250 మెగావాట్లు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగుల దగ్గర ముంపు సుమారు 616 చదరపు కిలోమీటర్లు, కుడి ఎడమ గట్ల విద్యుత్ కేంద్రాలు కలిపి 1,670 మెగావాట్లు. శ్రీశైలంతో పోలిస్తే బల్బీనాలో దాదాపు నాలుగు రెట్లు ముంపు, ఏడో వంతు కరెంటు. బల్బీనాలో అడవిని కొట్టకుండానే ముంచేశారు; ఈరోజుకీ నీళ్లలోంచి ఎండిన మొద్దులు నిలబడి కనిపిస్తాయి.

ముంపులో మీథేన్ ఎలా పుడుతుందో, ఎలా బయటికి వస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. ఉష్ణమండలపు జలాశయంలో పైనీరు వేడిగా, తేలికగా ఉంటుంది. అడుగునీరు చల్లగా, బరువుగా ఉంటుంది. రెండూ కలవవు. అడుగున ప్రాణవాయువు అయిపోతుంది. అక్కడ పడిన ఆకు, గడ్డి, ఒండ్రులోని కుళ్లు అంతా మీథేన్ అవుతుంది. లోతులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి అది నీటిలోనే కరిగి ఉంటుంది. టర్బైన్లకు నీరు లోతు నుంచి తీస్తారు. ఆ నీరు టర్బైన్ దాటి ఆవలి వైపు బయటపడగానే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గిపోతుంది. గోళీసోడా కొట్టినప్పుడు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. బల్బీనా దిగువన నదిలో కొలిచినవారికి ఆ వాయువు దొరికింది. జలాశయం ఉపరితలం మీదే పెట్టె తేలవేసి కొలిచి, ఇంతే అని రాసుకుంటే ఆ భాగం జారిపోతుంది.

మరో మార్గం అంచుల్లో ఉంది. అమెజాన్ ఆనకట్టల మీద దశాబ్దాలుగా పనిచేసిన ఫిలిప్ ఫియర్న్‌సైడ్ దీన్ని గట్టిగా వాదిస్తూ వచ్చారు. నీటిమట్టం దిగినప్పుడు బయటపడిన బురద మీద మెత్తని గడ్డి ఒత్తుగా మొలుస్తుంది. మట్టం మళ్లీ పెరిగితే ఆ పచ్చగడ్డి మునిగి కుళ్లి మీథేన్ అవుతుంది. ముంచిన అడవి ఎప్పటికో ఒకప్పటికి కుళ్లి అయిపోతుంది కాని, ఈ గడ్డి ఏటా కొత్తగా వస్తుంది. దీనికి ఉదాహరణ కోసం మనం బ్రెజిల్ వెళ్లాలా? శ్రీశైలం మట్టం దిగినప్పుడు సంగమేశ్వరం వెళ్లండి. గుడి శిఖరం ముందు బయటపడుతుంది, తరువాత గోడలు, తరువాత చుట్టూ మైళ్ల కొద్దీ ఒండ్రు. ఆ ఒండ్రు మీద పచ్చిక మొలుస్తుంది, గొర్రెలు మేస్తాయి, కొందరు పైరు కూడా పెడతారు. ఎగువన వానలు పడి కృష్ణ, తుంగభద్ర వచ్చాయంటే కొన్ని వారాల్లో అదంతా మళ్లీ నీటి కిందికి పోతుంది. నిర్మాణ సమయంలో 308 టీఎంసీలు ఉన్న నిల్వ సామర్థ్యం, పూడిక వల్ల 215 టీఎంసీల స్థాయికి పడిపోయిందని ఇక్కడ చాలామందికి తెలుసు. ఆ పూడికను మనం నీటి నష్టంగానే చూస్తాం. దానిలో కుళ్లే పదార్థం కూడా ఉంటుందని మరిచిపోతాం. అయితే న్యాయంగా మాట్లాడాలి. శ్రీశైలం కింద మునిగిన దానిలో ఎక్కువ భాగం ఊళ్లు, పొలాలు. బల్బీనా కింద మునిగింది నిలువెత్తు అడవి. రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు. తిరిగే చక్రం ఒకటే, దానిలో పడే మేత వేరు.

కె.సి. కాలువ గట్టు మీద

ఇప్పుడు మాట ఇచ్చినట్టు కాలువ గట్టు మీదికి వస్తాను. సుంకేసుల నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల ఈ కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వింది, పడవలు కూడా నడుపుదామన్నది వారి ఆలోచన. కంపెనీకి నష్టం వచ్చింది, 1882లో ప్రభుత్వం కొనేసింది. కాలువ రాకముందు ఈ నల్లరేగడి మీద ఏముండేవి? జొన్న, కొర్ర, పత్తి. అంతా మెట్ట. మెట్ట నేల మీథేన్ పుట్టించదు, కాస్తో కూస్తో తింటుంది. కాలువ వచ్చాక దిగువ చెలకలు మాగాణి అయ్యాయి, వరి వచ్చింది. కర్నూలు సోనా, నంద్యాల సోనా అని ఊరి పేర్లతో బియ్యం దేశమంతా అమ్ముడవుతున్నాయి.

మరి ఇది భూ వినియోగ మార్పా, కాదా? మీ అభిప్రాయం ఏమిటి? ఐపీసీసీ భూమిని ఆరు తరగతులుగా విడగొట్టింది: అడవి, పంటభూమి, పచ్చిక, చిత్తడి, ఊళ్లూ కట్టడాలూ, ఇతరాలు. జొన్న చేను పంటభూమి. వరి మడీ పంటభూమే. కాబట్టి ఆ పుస్తకం ప్రకారం ఇక్కడ మారిందేమీ లేదు! పంటభూమి పంటభూమిగానే ఉంది. బ్రెజిల్‌లో అడవి పచ్చికబయలు అయితే అది మార్పు. దాని మట్టి తేడా ఏడాదికి పది కిలోలు. మన దగ్గర మెట్ట మాగాణి అయితే తరగతి మారదు. మీథేన్ మాత్రం సున్నా నుంచి ఒక పంటకు హెక్టారుకు సగటున వంద కిలోల దాకా పోతుంది. మన ప్రాంతంలో గడచిన నూటయాభై ఏళ్లలో మీథేన్ దృష్ట్యా జరిగిన అతి పెద్ద భూమి మార్పు, భూమి మార్పుల పట్టికలో లేదు. వ్యవసాయం పద్దులో వరి అనే వరుసలో ఉంది, చరిత్ర లేకుండా.

ఆ వంద కిలోల అంకె ఎక్కడిదో చెబుతాను, ఎందుకంటే దాని వెనక మనం గర్వపడదగిన పని ఉంది. 1990లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ భారతదేశపు వరి పొలాల నుంచి ఏటా 3.78 కోట్ల టన్నుల మీథేన్ వస్తోందని అంచనా కట్టింది. యూరప్, అమెరికాల్లోని కొద్ది పొలాల్లో కొలిచిన అంకెను మన విస్తీర్ణంతో గుణించారు, అంతే. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఎ.పి. మిత్ర నాయకత్వంలో 1991లో దేశవ్యాప్తంగా కొలతలు జరిగాయి. ఎలా కొలుస్తారు? పారదర్శకమైన పెట్టెను వరి దుబ్బుల మీద బోర్లిస్తారు. పెట్టె అంచు నీటిలో మునిగి ఉండాలి, లేకపోతే గాలి పోతుంది. కొన్ని నిమిషాలకు ఒకసారి సిరంజితో లోపలి గాలి తీసి, సీసాల్లో భద్రపరిచి, ప్రయోగశాలలో యంత్రానికి ఎక్కిస్తారు. నిమిషనిమిషానికి మీథేన్ ఎంత పెరిగిందో దాన్నిబట్టి లెక్క. చేను తొక్కితే బుడగలు లేచి లెక్క చెడిపోతుంది కాబట్టి, కొలిచే మనిషి చెక్క పలక మీద నిలబడి పనిచేయాలి. ఇలా నానా రకాల నేలల్లో, నానా రకాల నీటిపారుదల కింద కొలిస్తే తేలింది ఎంత? సుమారు 40 లక్షల టన్నులు. అంచనాలో తొమ్మిదో వంతు. తరువాత జరిగిన పెద్ద కొలతల్లోనూ ఆ 40 లక్షల చుట్టుపక్కలే వచ్చింది. దాన్ని దేశంలోని నాలుగు కోట్ల పైచిలుకు హెక్టార్ల వరి మీద పంచితే హెక్టారుకు వంద కిలోలకు కాస్త తక్కువ.

ఎందుకంత తేడా? మన మడులు బీదవి అనా? కాదు. మన మడులు ఆరుతాయి కనుక. నీరు ఎడతెగకుండా నిలబెట్టిన మడిలో హెక్టారుకు పంటకాలంలో సుమారు 160 కిలోలు. మధ్యలో ఒకసారి ఆరితే 66. పలుమార్లు ఆరితే 20 లోపే. ఇవి మన దేశపు కొలతల నుంచి వచ్చిన, మన ప్రభుత్వ నివేదికల్లో వాడుతున్న అంకెలు. అదే విత్తనం, అదే రైతు, అదే నేల. తొమ్మిది రెట్ల తేడా. వరి దుబ్బులో సన్నని గొట్టాల్లాంటి ఖాళీలు ఉంటాయి, వేళ్లకు గాలి అందడానికి. మట్టిలో పుట్టిన మీథేన్‌లో ఎక్కువ భాగం ఆ దారినే పైకి పోతుంది. మడి ఆరి నేలలో గాలి చొరబడిన రోజున పుట్టించే జీవులు మూలన పడతాయి, తినే జీవులు లేస్తాయి. మళ్లీ నీరు పెట్టినా పుట్టించే జీవులు వెంటనే కోలుకోవు.

అందుకే ఇప్పుడు అందరూ తడిపి ఆరబెట్టే పద్ధతి గురించి మాట్లాడుతున్నారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు చెప్పే విధానం చాలా తేలిక. ముప్పై సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టానికి కింది భాగంలో చిల్లులు పెట్టి, మడిలో దిగగొట్టి, లోపలి మట్టి తీసేయాలి. నాటిన పది పదిహేను రోజుల తరువాత నుంచి, గొట్టంలో నీరు నేలమట్టం కన్నా పదిహేను సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడే మళ్లీ నీరు కట్టాలి. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు. దిగుబడి తగ్గదు, మీథేన్ సగానికి సగం తగ్గవచ్చు, నీరు కూడా చెప్పుకోదగినంత మిగులుతుంది. నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వాయువు కొంత పెరుగుతుంది కాని, ఎరువు సరిగా వేస్తే నికర లాభమే. 2003 ప్రాంతంలో మన రాష్ట్రంలో శ్రీ వరి అని ప్రచారం చేసినదాంట్లోనూ ఈ ఆరబెట్టడం ఉంది.

గట్టు మీద కూర్చున్న రైతు దీన్ని విని ఏమంటాడు? "నాకు నీళ్లు వంతులో వస్తాయి. ఈ వంతున మడి నింపుకోకపోతే వచ్చే వంతు ఎప్పుడో నీళ్లు వదిలే లస్కరుకే తెలియదు. నన్ను ఆరబెట్టమంటావా?" అంటాడు. నేనైతే ఆయన మాటే సరైనదంటాను. బోరు కింద సాగు చేసేవాడికి నీరు చేతిలో ఉంది, ఆరబెట్టగలడు. కాలువ కింద, అందులోనూ చివరి ఆయకట్టులో ఉన్నవాడికి మడిలో నిలబెట్టిన నీరే భరోసా. దానికి తోడు నల్లరేగడి. ఎర్రనేల ఆరితే ఊరుకుంటుంది; రేగడి ఆరితే నెర్రెలు బారుతుంది. వేలు దూరే నెర్రె పడ్డాక పెట్టిన నీరంతా అందులోంచి కిందికి పోతుంది, ఆదా చేద్దామనుకున్న నీరు రెండింతలు ఖర్చవుతుంది. కాబట్టి పదిహేను సెంటీమీటర్ల నియమాన్ని ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చి నంద్యాల మడిలో దిగగొట్టకూడదు. రేగడిలో నెర్రె పడకముందే, మట్టి కాలికి అంటుతున్న దశలోనే నీరు కట్టాలి. దానివల్ల మీథేన్ తగ్గడం కొంత తక్కువే అవుతుంది, అయినా తగ్గుతుంది.

పశువుల సంగతి అడుగుతారని తెలుసు. మన దేశపు మామూలు పశువుకు ఐపీసీసీ కట్టిన అంకె ఏడాదికి 27 కిలోలు, పాడి ఆవుకు 58, గేదెకు 55, గొర్రెకు 5. అనంతపురం గొర్రెల మందలు చూసి మీథేన్ అని బెంగపడేవారికి ఈ చివరి అంకె వినిపించండి. అంతకన్నా ముఖ్యం, ఇక్కడ ఆవు కోసం ఎవరూ నల్లమలను కొట్టడం లేదు. అది తినేది చొప్ప, వరిగడ్డి, వేరుశనగ కట్టె, గట్టు మీది గడ్డి. లీటరు పాలకు లెక్క వేస్తే మన పశువు మీథేన్ ఎక్కువే, ఒప్పుకోవాలి. కాని నేల చరిత్రతో లెక్క వేస్తే రొండోనియా ఆవూ, పత్తికొండ ఆవూ ఒకటి కావు. 2021లో గ్లాస్గోలో మీథేన్‌ను 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామన్న ఒప్పందం మీద బ్రెజిల్ సంతకం చేసింది, మన దేశం చేయలేదు. చిన్న రైతు వరి మీద, పశువు మీద అంతర్జాతీయ లక్ష్యం పెట్టనివ్వమన్న మన వాదన నాకు సబబుగానే తోస్తుంది. ఆ వాదన చేసినవాళ్లం మన మడి ఎన్నిసార్లు ఆరుతోందో మనమే రాసి పెట్టుకోవాలి కదా? 1990లో వేరేవాళ్లు మన తరఫున రాసిన లెక్క ఎలా ఉందో చూశాం.

రాయడానికి కొత్త పుస్తకం అక్కరలేదు. మన అడంగల్‌లో సర్వే నెంబరు వారీగా మెట్టా మాగాణీ, పంట, నీటి ఆధారం, కాలువా బోరా, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఈ-పంట నమోదులో పొలం దగ్గరే ఫొటో తీసి ఎక్కిస్తున్నారు. నేల పేరు మీద లెక్క కావాలన్నానే, ప్రపంచంలో చాలా దేశాలకు లేని పునాది మన గ్రామ రికార్డులో ఎప్పటినుంచో ఉంది. లేనిది ఒక్క గడి: మడి ఈ పంటలో ఎన్నిసార్లు ఆరింది, ఎన్ని రోజులు ఆరింది. 160 కిలోలా, 66 కిలోలా, 20 లోపా అన్నది ఆ ఒక్క గడి తేల్చేస్తుంది. రైతును అడిగి నింపితే చాలదు, పూర్తిగా నమ్మదగినదిగా ఉండదు. కాలువ కింద అయితే తూము వారీగా నీరు వదిలిన తేదీలు నీటిపారుదల శాఖ రిజిస్టరులో ఉంటాయి, వాటితో సరిచూడవచ్చు. బోరు కింద అయితే కరెంటు వాడకంతో సరిచూడవచ్చేమో ఆలోచించాలి. ఉపగ్రహపు రాడార్ మడిలో నీరు నిలిచిందా లేదా అన్నది మబ్బుల్లోంచి కూడా పట్టగలదు కాబట్టి దానినీ తోడు తెచ్చుకోవచ్చు. తూము రిజిస్టర్లు ఎంత సక్రమంగా రాస్తున్నారో నాకన్నా బాగా తెలిసినవారు ముందు వరుసలోనే కూర్చున్నారు. మైకు వారికి ఇస్తున్నాను.